బ్రిగిట్టే హెల్మ్ సినిమాలు ఎందుకు మానేసింది?

"జర్మన్ మూకీ సినిమా మెట్రోపొలిస్‌లో రోబోగా వేసిన బ్రిగిట్టే హెల్మ్ అంత పేరొచ్చాక 1935లోనే సినిమాలెందుకు వదిలేసింది?" అని అడిగారు. పెళ్లయింది, నాజీలు వచ్చారు అని అందరూ చెప్తారు. నిజమే. కానీ ఆమెకు అంతకుముందే విసుగొచ్చేసిందని నా గట్టి నమ్మకం. ఎందుకంటారా, వేషంలో ఇరుక్కోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

డిగ్రీ రెండో ఏడాది ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక షాపింగ్ మాల్ ముందు ఎలుగుబంటి వేషం వేశాను. నోటి దగ్గర జాలీ ఒక్కటే ఆధారం. చూపూ దాంట్లోంచే, గాలీ దాంట్లోంచే. పావుగంటకే చెమట కళ్లలోకి దిగి మండేది, తుడుచుకుందామంటే చెయ్యి లోపలికి పోదు. పిల్లలు వాటేసుకుంటే హాయిగా ఉండేది. ఒకాయన మాత్రం కొడుకుని నవ్వించడానికి నా పొట్టలో గట్టిగా గుద్దాడు. లోపల మనిషి ఉందన్న ఆలోచనే లేదు ఆయనకి. ఓ రోజు కళ్లు తిరిగి కూర్చుండిపోతే సూపర్‌వైజర్ సగం రోజు డబ్బులు కోశాడు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

చాలా ఏళ్లకు మెట్రోపొలిస్ చూశాను. రోబో కుర్చీలోంచి లేచి నడిచొస్తుంటే పక్కవాళ్లు డిజైన్‌ని మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం లోపలున్న పిల్ల ఊపిరెలా తీసుకుంటోందా అనే టెన్షన్. షూటింగ్ మొదలైన 1925లో ఆమెకు 19 ఏళ్లు, అదే మొదటి సినిమా. ఆ కవచం లోహం కాదు. వాల్టర్ షుల్జె-మిటెన్‌డార్ఫ్ అనే శిల్పి ఆమె ఒంటి అచ్చు తీసి, ఆరితే గట్టిపడే చెక్క ముద్దతో చేసి, పైన రంగు కొట్టాడు. అంచులు ఒరుసుకుని ఒళ్లు కమిలేది. మొహం కనపడదు కదా, లోపల ఇంకెవరినైనా పెట్టొచ్చుగా అని ఆమె దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్‌ని అడిగితే, నువ్వున్నావని నాకు తెలుస్తుంది అన్నాడట. దీన్ని గొప్ప కళాతపస్సుగా చెప్పుకుంటారు. నాకైతే ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ఆ రోబో బొమ్మ టీషర్టుల మీదా పోస్టర్ల మీదా కనపడుతుంది, ఆమె పేరు మాత్రం కనపడదు.

కవచం విప్పినా ఆమెకు విడుదల దొరకలేదు. మగాళ్లను నాశనం చేసే ఆడదాని పాత్రలే మళ్లీ మళ్లీ ఇచ్చారు. 'ఆల్‌రౌనె' కథనైతే 1928లో మూకీగా, 1930లో టాకీగా రెండుసార్లు ఆమెతోనే తీశారు. ఈ మూస పాత్రలు నాకొద్దని ఊఫా అనే జర్మన్ సినిమా సంస్థ మీద కోర్టుకెక్కింది. ఓడిపోయింది, ఖర్చులు నెత్తిన పడ్డాయి, మళ్లీ అవే వేషాలు వేసింది. మన దగ్గర ఒకసారి వ్యాంప్ వేసినావిడకి తర్వాత ఏం మిగిలిందో చూశాం కదా, అక్కడా అంతే.

1935లో ఒప్పందం అయిపోయింది. యూదు మూలాలున్న పారిశ్రామికవేత్త హూగో కున్‌హైమ్‌ని పెళ్లి చేసుకుని స్విట్జర్లాండ్ వెళ్లిపోయింది. 1996లో ఆస్కోనాలో చనిపోయేదాకా సినిమాల గురించి ఇంటర్వ్యూలకు ఒప్పుకోలేదు. అంతకంటే సూటి జవాబు ఇంకేం కావాలి?

ఆమెను నటిగా చూడాలంటే దర్శకుడు పాబ్స్ట్ తీసిన 'ఆబ్వేగె' (1928) చూడండి. అందులో రోబో లేదు, మాయలాడీ కాదు. పనిలో మునిగిపోయిన ఒక లాయరు భార్య, అంతే.