ఎలైట్ డేంజరస్ రేసు: ఆరు స్టేషన్లు ఏ వరుసలో తిరిగితే త్వరగా వస్తాం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. స్నేహితులు ఏడుగురు కలిసి ఎలైట్ డేంజరస్ అనే, అంతరిక్ష నౌకలు నడిపే కంప్యూటర్ ఆటలో రేసు పెట్టుకున్నారు. అందరికీ ఒకటే షిప్, ఆట మొదలుపెట్టగానే ఉచితంగా ఇచ్చే సైడ్‌వైండర్. దానికి ఏ మార్పూ చేయకూడదు. ఆరు స్టేషన్లలో దిగి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. వరుస ఎవరిష్టం వాళ్ళది. గెలాక్సీ మ్యాప్‌లో ముందు దగ్గరున్నదానికి, అక్కణ్ణుంచి దానికి దగ్గరున్నదానికి, ఇలా పోతే సరిపోదా అని అడిగారు.

సరిపోదండీ. మొదటిసారి నేనూ అచ్చం అలాగే వెళ్ళాను. రెండేళ్ళ క్రితం డాలస్‌లో ఉన్న మా బావా, విజయవాడలో నేనూ ఇలాంటి పందెమే పెట్టుకున్నాం. ఇద్దరికీ ఈ సైడ్‌వైండరే, ఇద్దరికీ ఒకే ఆరు స్టేషన్లు. నేను కాగితం మీద దూరాలు కూడి, అన్నిటికంటే తక్కువ వచ్చే దారి వేసుకున్నాను. మొత్తం 58 కాంతి సంవత్సరాలు. బావ దారి 63 వచ్చింది. ఇంకేం, గెలిచేశాం అనుకుని ధీమాగా బయల్దేరాను. నేను చివరి స్టేషన్ దగ్గర తిరుగుతుండగానే బావ "దిగేశాను బావా" అన్నాడు. నాకంటే నాలుగు నిమిషాల ముందు. ఆ రాత్రి నిద్రపోకుండా ఇద్దరి దారులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి షిప్ ఒక్క ఊపున దూకడాన్ని జంపు అంటారు. నాది 13 జంపులు, బావది 9.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. మార్పులు చేయని సైడ్‌వైండర్ ఒక్క జంపులో వెళ్ళేది సుమారు ఏడున్నర కాంతి సంవత్సరాలు. ఆ లోపు రెండు వెళ్ళినా ఏడు వెళ్ళినా పట్టే సమయం ఒకటే. జంపు చేయించే ఇంజన్, అంటే డ్రైవ్, చార్జ్ అవ్వాలి, ఐదు నుంచి కిందికి లెక్క రావాలి, ఆ సొరంగంలాంటి దాంట్లోంచి పోవాలి, బయటపడగానే ముఖం మీదికి వచ్చినట్టుండే నక్షత్రాన్ని తప్పించుకుని తిరగాలి, డ్రైవ్ చల్లబడాలి, మళ్ళీ గురి పెట్టాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ముప్పై జంపులు కొలిచాను. నా చేతికి ఒక్కోటి 50 సెకన్లు అటూ ఇటూ వచ్చింది. నాలుగు జంపులు ఎక్కువంటే 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు అక్కడే పోయాయి. పల్లెవెలుగు బస్సు ఎంత అడ్డదారిన పోయినా, ఆగే ఊళ్ళు ఎక్కువైతే ఎక్స్‌ప్రెస్ కంటే వెనకే కదా. ఇదీ అంతే.

నా దారిలో ఏం జరిగిందంటే, 7.9, 8.1, 7.8 అంటూ ఏడున్నరకి కొంచెం పైనుండే దూరాలు ఎక్కువ పడ్డాయి. కాగితం మీద చూడ్డానికి దగ్గరే, కానీ ప్రతిదానికీ రెండేసి జంపులు. బావ దారిలో 7.1, 6.8, 7.3 లాంటివి ఎక్కువ. ఒక్కో జంపుతో సరి. రెండుచోట్ల 14 పైచిలుకు దూరం ఉన్నా, సరిగ్గా మధ్యలో ఇంకో సిస్టమ్ (ఒక నక్షత్రమూ దాని చుట్టూ ఉన్నవీ) ఉండటంతో రెండు జంపులతో దాటేశాడు.

కాబట్టి ముందు ఒక పట్టిక వేసుకోండి. ఆరు స్టేషన్లు, బయల్దేరే చోటు కలిపి ఏడు. వాటిమధ్య జతలు 21. ప్రతి జతకీ ఎన్ని జంపులో రాయాలి. ఆటలోని మ్యాప్ మీరున్న చోటినుంచే దారి వేస్తుంది కనుక, రేసుకు ముందు ఒకరోజు తీరిగ్గా అన్నీ చుట్టి, ప్రతిచోటా ఆగి మిగతావాటికి జంపుల లెక్క చూసుకోవాలి. ఒక సాయంత్రం పడుతుంది. అప్పుడు మ్యాప్‌లో రూట్ సెట్టింగ్ 'ఫాస్టెస్ట్' మీద ఉందో లేదో తప్పకుండా చూడండి. 'ఎకనామికల్' ఉంటే అది ఇంధనం ఆదా చేయడానికి చిన్నచిన్న జంపులుగా విడగొట్టేస్తుంది. సైడ్‌వైండర్ డ్రైవ్‌కి ఖర్చయ్యే ఇంధనం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఏడు కాంతి సంవత్సరాలు ఒక్క జంపులో పోవడానికి పట్టే ఇంధనంలో సగంతోనే మూడున్నర చొప్పున రెండు జంపులు చేసేయొచ్చు. ఊరికే తిరిగేవాళ్ళకి అది మంచిదే, రేసులో మాత్రం ప్రాణం తీస్తుంది.

ఆరు స్టేషన్లని 720 వరుసల్లో తిరగొచ్చు. తిరగేస్తే అదే దారి అనుకుంటే 360. అన్నీ రాయక్కర్లేదు. పట్టికలో ఒక్క జంపు ఉన్న జతల కింద ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. ఆ గీతల్ని ఒకదానికొకటి కలుపుతూ పోండి, దారి సగం దానంతటదే తయారవుతుంది. మిగిలిన ఖాళీల్లో రెండు జంపులవి వేయండి. ఎప్పుడూ దగ్గరున్నదానికే పోయే పద్ధతిలో ఉన్న ఇబ్బందేంటంటే, ఎక్కడో మూలనున్న స్టేషన్ ఒకటి ఆఖరికి మిగిలిపోతుంది. దాన్ని అందుకుని ఇంటికి రావడానికి నాలుగైదు జంపులు పడతాయి. అలాంటి మూలదాన్ని ముందే గుర్తించి, దాని రెండు పక్కలా ఏవి రావాలో తేల్చుకున్నాకే మిగతావి చూడండి.

ఇక ఇంధనం సంగతి. ఇక్కడ ఒక లాభం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. సైడ్‌వైండర్ ట్యాంకులో పట్టేది 2 టన్నులు. దాని మామూలు డ్రైవ్ ఒక్క జంపుకి గరిష్ఠంగా 0.6 టన్ను తాగుతుంది. అంటే నిండు ట్యాంకుతో పెద్ద జంపులు మూడే. ఎలాగూ ప్రతి స్టేషన్‌లో దిగుతారు కాబట్టి పోయించుకోవడం కష్టం కాదు. కానీ నిండు ట్యాంకు బరువు, బరువుంటే జంపు కురచ అవుతుంది. పట్టికలో 7.5, 7.6 దగ్గర ఊగిసలాడే జత ఉంటే, దానికి ముందున్న స్టేషన్‌లో ఇంధనం పోయించకుండా బయల్దేరి చూడండి. ట్యాంకు సగమే ఉంటే జంపు కొద్దిగా సాగుతుంది. ఆ కొద్దితోనే రెండు జంపులది ఒక్కటయ్యే సందర్భాలున్నాయి. నాకు ఒకచోట సరిగ్గా అలాగే కలిసొచ్చింది.

కలిసొచ్చింది కదా అని తర్వాతి పందెంలో వరుసగా రెండు స్టేషన్లలో పోయించుకోలేదు. మ్యాప్ నా దగ్గరున్న ఇంధనానికి సరిపడా చిన్న జంపుతో ఇంకో దారి వేసింది. నేను చూసుకోకుండా పోయాను. తేలింది ఒక బ్రౌన్ డ్వార్ఫ్ దగ్గర, ముదురు ఊదా రంగులో మసకగా వెలిగే గోళం. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం రకాల నక్షత్రాల నుంచే ఇంధనం తోడుకోవచ్చు. ఇది వాటిలోది కాదు, అయినా నా షిప్‌కి తోడే పరికరమే లేదు. ఇంధనం గీత అడుగంటింది, ఎటూ పోలేను. ఇలా చిక్కుకున్నవాళ్ళని ఆదుకోవడానికే ఫ్యూయెల్ ర్యాట్స్ అని ఆటగాళ్ళ బృందం ఒకటి ఉంది. వాళ్ళని పిలిచాను. అర్ధరాత్రి ఎక్కడివాళ్ళో ఏమో, ఇరవై నిమిషాల్లో వచ్చారు. లింపెట్ అనే చిన్న యంత్రాన్ని పంపి ఇంధనం పోశారు, పైసా అడగలేదు. పందెం పోయినా ఆ రాత్రి మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం. మీరు ఈ కిటుకు వాడితే ఒక్క స్టేషన్ దగ్గరే వాడండి, తర్వాతి దాంట్లో నిండా పోయించండి.

రెండు చోట్ల సిస్టమ్ పేరు మాత్రమే ఇచ్చి, స్టేషన్ మీ ఇష్టం అన్నారని రాశారు. అక్కడ మాత్రం నక్షత్రానికి దగ్గరున్నదే ఎంచుకోండి. సిస్టమ్ లోపల కాంతి సెకన్లలో చూపించే దూరాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆల్ఫా సెంటారీలో హటన్ ఆర్బిటల్ అని స్టేషన్ ఉంది. మనం చేరే నక్షత్రం నుంచి సుమారు 0.22 కాంతి సంవత్సరం, అంటే 67 లక్షల కాంతి సెకన్ల పైనే. మామూలు సూపర్‌క్రూజ్‌లో, అంటే సిస్టమ్ లోపల షిప్ కాంతి కంటే వేగంగా పోయే పద్ధతిలో, గంట దాటుతుంది. మీవి అంత దారుణంగా ఉండవు లెండి. నా నోట్‌బుక్ ప్రకారం 300 కాంతి సెకన్ల స్టేషన్‌కి రెండు నిమిషాల పైన, 3000 దానికి నాలుగు నిమిషాల దాకా పడుతోంది. దూరం పదింతలైతే సమయం పదింతలు కాదు, పోయేకొద్దీ వేగం పుంజుకుంటుంది కదా. అందుకే వందల్లో ఉన్న తేడా గురించి బుర్ర పాడు చేసుకోవద్దు. వేలల్లో ఉంటేనే పట్టించుకోండి. అవుట్‌పోస్ట్ అనే చిన్నరకం స్టేషన్ ఉంటే ఇంకా మంచిది. ద్వారంలోంచి దూరాల్సిన పని లేకుండా నేరుగా ప్యాడ్ మీద దిగొచ్చు. గ్రహం నేల మీదున్న పోర్టులు వద్దు, కిందికి దిగడానికే చాలా సమయం పోతుంది.

ఇప్పుడు అసలైన మాట చెప్తాను. ఏ వరుసలో తిరిగినా అన్ని స్టేషన్లలోనూ దిగక తప్పదు. ఒక్కో స్టేషన్ దాకా వెళ్ళి దిగే ఖర్చు ఏ వరుసలోనైనా దాదాపు ఒకటే. బావ రేసు మొత్తం 42 నిమిషాలైతే అందులో జంపులకి పోయింది ఏడున్నర నిమిషాలే. మిగతా 34 నిమిషాల పైచిలుకు స్టేషన్ల దగ్గరే. వరుస లెక్క ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. తర్వాత మిగిలిన రోజులన్నీ ఒకే స్టేషన్‌కి మళ్ళీ మళ్ళీ వెళ్ళి దిగడం సాధన చేయండి. నేను ఒకే స్టేషన్‌లో నలభైసార్లు దిగాను, అప్పుడే తేడా తెలిసింది.

స్టేషన్ వైపు పోయేటప్పుడు స్క్రీన్ మీద చేరడానికి పట్టే సమయం కనిపిస్తుంది. అది ఏడు సెకన్లకి రాగానే థ్రాటిల్ ముప్పాతికకి తగ్గిస్తే షిప్ సాఫీగా ఆగుతుంది. అందరూ నేర్చుకునేది ఇదే. రేసులో ఇంకొంచెం తెగించాలి. గ్రహాల ముందు నుంచి పోతే వాటి ఆకర్షణకి షిప్ వేగం తగ్గిపోతుంది. అందుకని బయల్దేరగానే గ్రహాలన్నీ తిరిగే ఆ పళ్ళెం మీదినుంచి పైకి లేచి, విల్లులా వంగి స్టేషన్ మీదికి దిగండి. చివర్లో మాత్రం అదే ఆకర్షణ మనకి బ్రేకులా పనిచేస్తుంది. స్టేషన్ ఏ గ్రహం చుట్టూ తిరుగుతోందో దాని పక్కనుంచి చుట్టి రండి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పెద్ద స్టేషన్ల ద్వారం ఎప్పుడూ తన గ్రహం వైపే ఉంటుంది. గ్రహం మీ వెనక, స్టేషన్ మీ ముందు ఉండేలా వస్తే, సూపర్‌క్రూజ్‌లోంచి బయటపడేసరికి ద్వారం ఎదురుగానే కనిపిస్తుంది. నక్షత్రం నుంచి తిన్నగా వస్తే ఒక్కోసారి వీపువైపు తేలతాం, చుట్టి రావడానికే అర నిమిషం పోతుంది. గ్రహానికి మరీ ఆనుకుంటే షిప్ నత్తలా పాకుతుంది. ఎంత దూరంలో చుట్టాలో చెప్పడం కష్టం, చేతికే తెలియాలి. అలా బయటపడాలంటే స్టేషన్‌కి దూరం వెయ్యి కిలోమీటర్ల లోపుండాలి, వేగం కూడా సెకనుకి వెయ్యి కిలోమీటర్ల లోపే ఉండాలి. కాస్త ఎక్కువైనా దాటిపోయి ఒక చుట్టు తిరిగి రావాలి.

బయటపడ్డాక ఏడున్నర కిలోమీటర్ల లోపుకి రాగానే దిగడానికి అనుమతి అడగాలి. ఆ దూరం వచ్చేసరికే మీ వేలు ఆ మెనూలో సరైన చోట ఉండాలి. ద్వారం దగ్గర ఆకుపచ్చ దీపాలు మీ కుడివైపు ఉంటే మీరు తిన్నగా ఉన్నట్టే.

తిరిగి బయల్దేరేటప్పుడు ఇంకోటి చూసుకోవాలి. వెళ్ళాల్సిన నక్షత్రానికి గ్రహం అడ్డొస్తే డ్రైవ్ జంపు చేయనివ్వదు. ఈ ఆటలో గ్రహాలు, స్టేషన్లు నిజంగా తిరుగుతుంటాయి, నిన్న అడ్డు లేనిది ఇవాళ అడ్డు రావచ్చు. జంపుల లెక్క సమానంగా ఉన్న రెండు వరుసలు చేతిలో ఉంటే రేసు రోజు పొద్దున ఒకసారి చుట్టి, ఏది అడ్డు లేకుండా ఉందో చూసి దాన్నే ఎంచుకోండి. తిన్నగా తిరగాలా, తిరగేసి తిరగాలా అనేది కూడా నేను ఇలాగే తేలుస్తాను.

ముందుముందు పెద్ద షిప్‌లతో గెలాక్సీ మధ్యనున్న కృష్ణబిలం సాజిటేరియస్ ఏ స్టార్ దాకా పందెం పెట్టుకోవాలని ఉందన్నారు. సోల్, అంటే మన సూర్యుడి నుంచి దాదాపు 26 వేల కాంతి సంవత్సరాలు. అక్కడ లెక్క మారుతుంది. న్యూట్రాన్ నక్షత్రం ధ్రువాల నుంచి చిమ్మే జెట్‌లోకి దూరితే తర్వాతి ఒక్క జంపు నాలుగింతలవుతుంది, వైట్ డ్వార్ఫ్ దగ్గరైతే ఒకటిన్నర ఇంతలే. డ్రైవ్ ప్రతిసారీ కొంచెం దెబ్బతింటుంది కాబట్టి బాగుచేసుకునే పరికరం వెంట ఉండాలి. దాని గురించి విడిగా అడగండి, చాలా ఉంది.

ప్రస్తుతానికి మీ ఆరు స్టేషన్ల పేర్లు, బయల్దేరే చోటు ఇక్కడ రాయండి. ఈ ఆదివారం నేనూ ఒకసారి చుట్టి పట్టిక వేసి పెడతాను. మీ పట్టికతో పోల్చి చూద్దాం.