ఆడవాళ్లకి వేరే బిరుదు ఇస్తామంటే ఒప్పుకోకు

చిరంజీవి బుజ్జమ్మకి,

పెద్దత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ మీద చాడీలన్నీ చెప్పాడు. మృదంగం వాయించే నువ్వూ, ఇంకొందరు ఆడపిల్లలూ కలిసి, కచేరీలు పెట్టే ఆ సంగీత సభ కమిటీ దగ్గరికి వెళ్తున్నారట. ఇన్నేళ్లుగా ఇస్తున్న వార్షిక బిరుదు వాద్యం వాయించే ఒక్క ఆడమనిషికైనా ఎందుకివ్వలేదని కాగితం మీద రాసి మరీ అడుగుతారట. "దానికి కాస్త బుద్ధి చెప్పక్కా, నీ మాటైతే వింటుంది" అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏమిటో చెబితే నీకు పొగరెక్కుతుంది, చెప్పను.

వెళ్లొద్దని రాయడం లేదు. వెళ్లేదేదో సరిగ్గా వెళ్లు.

ఒక్కదానివే వెళ్లకు. అడిగింది కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకో. వచ్చే ఏడాది కార్యక్రమాలు ఖరారు కాకముందే వెళ్లు, ఆహ్వానపత్రాలు అచ్చయ్యాక అడిగి లాభం లేదు. వాట్సాప్‌లో ముందుగా చాటింపు వెయ్యకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక నీ లెక్కల సంగతి. బిరుదు అందుకున్నవాళ్ల పేర్లన్నీ రాసి, ఆడ ఎందరు, మగ ఎందరు అని కూడినట్టున్నావు. ఆ లెక్క తీసుకెళ్తే నిన్ను రెండు నిమిషాల్లో బయటికి పంపేస్తారు. "సుబ్బులక్ష్మి గారు లేరా? పట్టమ్మాళ్ లేరా? వసంతకుమారి లేరా?" అంటారు. నువ్వు నోరు మూసుకోవాల్సి వస్తుంది. గాత్రాన్నీ వాద్యాన్నీ ఒకే గంపలో వెయ్యకు. పాడే ఆడవాళ్లని లోకం ఎప్పుడో ఒప్పేసుకుంది, కనీసం ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. అది కూడా ఊరికే రాలేదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు పెట్టింది 1942లో. అది ఒక ఆడమనిషికి అందింది 1968లో, సుబ్బులక్ష్మి గారికి. వయొలిన్ పట్టుకున్న ఆడమనిషికి రావడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ మా విజయనగరం ఆడపడుచు కన్యాకుమారి గారికి. మృదంగానికి 1966లోనే పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి ఇచ్చారు. మృదంగం వాయించే ఆడమనిషికి ఇంతవరకూ ఇవ్వలేదు. నీ సభ అకాడమీ అంత పెద్దదేం కాదు కానీ, బుద్ధి మాత్రం అక్కడి నుంచే అరువు తెచ్చుకుంటుంది. కాబట్టి నీ పట్టికలో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, ఘటం అని గళ్లు విడివిడిగా గియ్యి. ఖాళీ గళ్లు అవే మాట్లాడతాయి.

దానికి వాళ్లు చెప్పే జవాబు కూడా నాకు తెలుసు. "విద్వత్తుకి ఆడా మగా ఏమిటమ్మా, అర్హులు దొరకలేదు." నువ్వు కోపం తెచ్చుకోకు. దండమూడి సుమతీ రామమోహనరావు గారి పేరు చెప్పు. విజయవాడలో మృదంగం వాయించే ఆవిడని 2021లో పద్మశ్రీకి ఢిల్లీ వెతుక్కోగలిగింది. నాదస్వరానికి మన తెలుగు మూలాలున్న కాలీషాబీ గారు, భర్తతో కలిసి, 2020లో. ఘటం వాయించేవాళ్లలో బెంగుళూరు సుకన్యా రాంగోపాల్ గారు ఉండనే ఉన్నారు. ఈ మూడు పేర్లూ చెప్పి ఊరుకో. నాలుగో మాట అనకు. ఎదుటివాళ్లు తడుముకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడటం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం.

ఇంకో లెక్క కూడా ఉంది, అది అసలైనది. ఏ కచేరీ ఎన్ని గంటలకో రాసుకో. బిరుదులు నిర్ణయించే పెద్దలు సాయంత్రం ఆరున్నర కచేరీకి వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. మధ్యాహ్నం రెండు గంటల కచేరీకి వచ్చేది వాద్యకారుల చుట్టాలూ, క్యాంటీన్‌లో కాఫీ తాగడానికి వచ్చినవాళ్లూ. నేను జీవితమంతా పక్కవాద్యమే వాయించాను కదా, మధ్యాహ్నాలు ఎవరికి పడతాయో నాకు బాగా తెలుసు. వినని వాద్యానికి బిరుదెలా ఇస్తారు? ఇవ్వరు, అది వాళ్ల దృష్టిలో అన్యాయం కూడా కాదు. పైగా పెద్ద గాయకుల వెనక మృదంగానికి ఎవరిని కూర్చోబెట్టాలో సభవాళ్లూ, ఆ గాయకులూ మాట్లాడుకుంటారు. అక్కడ ఆడపిల్ల పేరు రాదు. ఆడ గాయనీమణులు కూడా "సాయంత్రం కచేరీ కదా" అని మగవాళ్లనే అడుగుతారు. ఈ మాట నువ్వు కమిటీ దగ్గర అనకు, వాళ్లకి సరదా అయిపోతుంది. ఆ గాయనీమణుల దగ్గరే అను. అందుకే, బిరుదు కంటే ముందు సాయంత్రం కచేరీ అడుగు. బిరుదు ఏడాదికి ఒకటి. కచేరీలు బోలెడు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి చెప్తాను. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

నాకు పాతికేళ్లు కూడా లేని రోజుల్లో, ఒక ఊళ్లో, ఒక సభ. పేరెందుకు, ఆ పెద్దలు చాలామంది పోయారు. అక్కడా ఇదే కథ. బిరుదు గాయకులకి, లేకపోతే మగ వాద్యకారులకి. మా అందరికీ పెద్ద దిక్కుగా ఒక వీణ టీచరుగారు ఉండేవారు. ఆవిడ తానం వాయిస్తుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవారు. ఊళ్లో సగం మంది ఆడపిల్లలు ఆవిడ దగ్గరే సరళీ స్వరాలు మొదలుపెట్టారు. ఆవిడే పూనుకుని, మాలో కొందరిని వెంటబెట్టుకుని సెక్రటరీ గారింటికి వెళ్లారు. నేను వెనకాల నిలబడ్డాను, నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆ సెక్రటరీ గారు మహా మర్యాదస్తుడు. అందరికీ కాఫీలు తెప్పించాడు. అంతా విన్నాడు. "నిజమేనమ్మా, తప్పు మాదే" అన్నాడు. ఆ మాటకే మావాళ్లు కరిగిపోయారు. "ఈ ఏడాది నుంచీ మహిళా కళాకారులకి ప్రత్యేకంగా ఒక పురస్కారం పెడదాం. మొదటిది మీకే" అన్నాడు టీచరుగారితో. తిరిగి వస్తూ దారంతా మావాళ్లు గెలిచామనే అనుకున్నారు. ఆవిడ ఒప్పుకున్నది తన కోసం కాదు. ముందు తలుపు తెరుచుకోనీ, తర్వాత సంగతి తర్వాత అని ఆవిడ ఆలోచన. అదే పొరపాటు. అది వేరే గది తలుపు.

ఆ పురస్కారం ఎలా ఇచ్చారో విను. పెద్ద బిరుదు ఆఖరి రోజు సాయంత్రం, నిండు సభలో, శాలువా, ప్రశంసాపత్రం, డబ్బు. అందుకున్నాయన ముందు గంటసేపు మాట్లాడతాడు, తర్వాత కచేరీ చేస్తాడు. మహిళా పురస్కారం మూడో రోజు మధ్యాహ్నం. ముఖ్య అతిథి భార్య చేతుల మీదుగా ఒక చీర, వెండి కుంకుమ భరిణ, తాంబూలం. డబ్బు లేదు, ప్రశంసాపత్రం లేదు, కచేరీ కూడా లేదు. పేరంటానికి పిలిచి పంపినట్టు పంపారు. పేపర్లో పెద్ద బిరుదు ఫొటో వేశారు. ఆవిడ పేరు కింద ఎక్కడో, "తదితరులు" అన్న మాటకి కొంచెం ముందు వచ్చింది.

ఇంతటితో అయిపోతే నేనింత రాయను. ఆ తర్వాత కొన్నేళ్లకి పెద్ద బిరుదుకి వీణ వంతు వచ్చింది. ఎవరినడిగినా ఆవిడ పేరే చెప్పేవారు. కమిటీలో ఎవరో ఆ పేరు ఎత్తారు కూడా. "ఆవిడకి మనం ఇచ్చేశాం కదండీ" అని ఒకాయన గుర్తు చేశాడట. అంతే, అక్కడితో తెగిపోయింది. ఆ ఏడాది వేరే ఊరాయనకి ఇచ్చారు. ఆయన ఒకప్పుడు సందేహాలు తీర్చుకోవడానికి ఆవిడ దగ్గరికే వచ్చేవాడు. తర్వాత ఎవరు వెళ్లి అడిగినా ఆ సభలో ఒకటే జవాబు: "మీకు వేరే ఉందిగా!" ఆవిడ ఆ భరిణని ఎప్పుడూ తిట్టలేదు. వాడనూ లేదు. నాతో మాత్రం ఒకసారి, "మనం అడిగింది కుర్చీ, వాళ్లిచ్చింది పీట" అన్నారు.

అందుకే చెప్తున్నాను, బుజ్జమ్మా. వాళ్లు కసిరితే నువ్వు తట్టుకోగలవు, ఆ సంగతి నాకు తెలుసు. నా భయమంతా వాళ్లు మంచిగా మాట్లాడతారేమోనని. కాఫీ ఇచ్చి, "తప్పు మాదే" అని, మహిళా దినోత్సవం నాడు "ఉత్తమ మహిళా మృదంగ విద్వాంసురాలు" అని ఒక జ్ఞాపిక పెడతామంటే, నీ స్నేహితురాళ్లు చప్పట్లు కొడతారేమోనని. లోపలికి అడుగుపెట్టకముందే మీలో మీరు మాట్లాడుకోండి, వేరే బిరుదు అంటే అందరూ ఒకే మాట మీద వద్దనాలి. వాళ్ల ఎదుట మాత్రం చర్చించుకోకండి.

నువ్వు వెంటనే సినిమావాళ్ల సంగతి ఎత్తుతావు. నంది అవార్డుల్లో గాయకుడికి ఒకటి, గాయనికి ఒకటి విడిగా ఉండేవి కదా, సుశీలమ్మకీ జానకమ్మకీ అలాగే వచ్చాయి కదా అని. అది వేరు. అక్కడ రెండూ ఒకే రోజు, ఒకే వేదిక మీద, ఒకే నందిని చేతిలో పెట్టి ఇచ్చేవారు. పైగా సినిమాలో ఆడగొంతు పాటని మగవాడు పాడలేడు. మృదంగానికి గొంతెక్కడిది? ఆదితాళం ఎవరు వేసినా ఎనిమిది అక్షరాలే. సినిమాల్లోనే ఒకటే కుర్చీ ఉన్న చోట చూడు, సంగీత దర్శకత్వం దగ్గర. భానుమతి గారు 1950ల్లోనే సినిమాకి బాణీలు కట్టారు. ఆ తర్వాత ఎంతమంది ఆడవాళ్లని ఆ కుర్చీలో చూశావు?

నీకు కావాల్సిన ఉదాహరణ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారిది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించడానికి సొంత సొమ్ము పెట్టింది ఆవిడ. అక్కడి ఆరాధనలో పాడటానికి మాత్రం ఆడవాళ్లు పనికిరారన్నారు. 1927లో ఆవిడ ఆడవాళ్లతో వేరే బృందం పెట్టి ఆరాధన జరిపించారు. చూశావా, ఆవిడా వేరేగానే పెట్టారు. కానీ అది తన వాటా అని ఏనాడూ అనుకోలేదు, ఎవరో దయతో ఇస్తే పుచ్చుకున్నదీ కాదు. అర్జీలు పెడుతూనే ఉన్నారు, పట్టు వదల్లేదు. 1940ల మొదట్లో బృందాలన్నీ ఒకటయ్యాయి, ఆడవాళ్లు అందరితో పాటు కూర్చుని పాడారు. ఇప్పుడు ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామికి ఎదురుగా ఉంది.

ఇక మీ నాన్న భయం. కచేరీలకి పిలవడం మానేస్తారని. మానేస్తారు, కొందరు. నేను అబద్ధం చెప్పను. "ఆ అమ్మాయా, గొడవ మనిషి" అని ఒక మాట తిరుగుతుంది. పక్కవాద్యం వాళ్లకి ఆ మాట చాలు. గాయకుడైతే వేరే సభ చూసుకుంటాడు, మనం ఇంకొకరు పిలిస్తేనే కదా బయల్దేరేది. అందుకని ఆ పాఠాలు చెప్పే ఉద్యోగం ఇప్పుడు వదలకు. ఎంత చిరాగ్గా ఉన్నా సరే. రేడియోలో బి-హై నుంచి ఎ గ్రేడుకి ఆడిషన్ వాయిదా వేసుకున్నావట, ముందు అది పూర్తిచెయ్యి. అక్కడ వినేవాళ్లకి నీ ముఖంతో పని లేదు, చేతితోనే పని. ఆ గ్రేడు కాగితం చేతిలో ఉంటే "అర్హులు దొరకలేదు" అనడానికి నోరు రాదు.

సాధన తగ్గించావని కూడా విన్నాను. పట్టికలు గీసుకుంటూ కూర్చుంటున్నావట. నీ మృదంగం ఎడమవైపు తొప్పి శ్రుతి నిలవడం లేదని నాకు చెప్పినవాళ్లు నీ శత్రువులేం కాదు. తిట్టాలనే ఉంది. కానీ నువ్వు మూడో క్లాసులో మా ఇంటి బియ్యం డబ్బా మీద మిశ్రచాపు తాళం వేస్తుంటే, "ఆడపిల్లకి మృదంగమేమిటి, వీణ నేర్పించు" అని మీ నాన్న అన్న రోజు నీకు మద్దతు పలికింది నేనే కాబట్టి, ఎవర్ని తిట్టుకోవాలో తెలియడం లేదు. ఇప్పుడు వాడే కచేరీలో నువ్వొక్కదానివే వాయించే తని ఆవర్తనాన్ని ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ వినిపిస్తున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు.

అడగడంతో పాటు ఇంకో పని ఉంది, ఎవరూ చెయ్యనిది. పేర్లు పంపడం. పద్మ పురస్కారాలకి ఎవరు ఎవరినైనా ప్రతిపాదించవచ్చు, అంతా ఆన్‌లైన్‌లోనే, వాళ్లు చేసిన సేవ గురించి 800 మాటలకి మించకుండా రాయాలి. సంగీత నాటక అకాడమీ వాళ్లు 40 ఏళ్ల లోపు వాళ్లకి బిస్మిల్లా ఖాన్ పేరిట యువ పురస్కారం 2006 నుంచీ ఇస్తున్నారు. మగ శిష్యులు గురువుల పేర్లు పంపుతూనే ఉంటారు, ఫైళ్లు తయారుచేసి మరీ. ఆడ గురువుల ఫైళ్లు ఎవరు చేస్తారు? వాళ్ల ఆహ్వానపత్రాలు బీరువాల్లో చెదలు పడుతున్నాయి, పేపర్ కటింగుల మీద తేదీలుండవు. మీరందరూ తలా ఒకరింటికి వెళ్లి, కూర్చుని, తేదీలు అడిగి రాయండి. నాలుగు సాయంత్రాలు పోతాయి, పోనీ. అలా చేసి ఉంటే మా టీచరుగారికి ఒక కాగితమైనా మిగిలేది.

అర్జీ రాశాక ముందు నాకు పంపు. నీ భాషలో కోపం ఎక్కువ, విశేషణాలు ఎక్కువ, అవి నేను కొట్టేస్తాను. కింద సంతకాల్లో నా పేరు కూడా పెట్టు, మొదట కాదు, మధ్యలో ఎక్కడో. మొదటి పేరు నీదే ఉండాలి, అడుగుతున్నది నువ్వు. మీ నాన్న కాదంటే నాకు ఫోన్ చెయ్యమను.

ఇట్లు,
మీ పెద్దత్త