మిల్లులో ‘లేదు’, ‘కాదు’

సందేహం: తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రైసుమిల్లులో హమాలీ పని చేసే బిహార్ కుర్రాళ్ళకు సాయంత్రాలు తెలుగు మాట్లాడటం నేర్పుతున్నాను. “ఇది తవుడు లేదు, ఊక” అంటారు. ఒక్కడే నిలబడి “మేము రేపు రాము” అంటాడు. వాళ్ళ భాషతో పోల్చి చెప్పాలా, అంతా తెలుగులోనే చెప్పాలా? ‘వచ్చాడు’ నేర్పాలా, ‘వచ్చిండు’ నేర్పాలా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: పోల్చండి సార్. అయితే ఏ భాషను ఏ భాషతో పోలుస్తున్నారో ముందు తేల్చుకోండి. మీరు రాసిన రెండో తప్పులోనే ఆ సంగతి ఉంది.

పుస్తకాల హిందీలో ‘మై’ అంటే నేను, ‘హమ్’ అంటే మేము లేదా మనం. దాన్ని పట్టుకుని పోలిస్తే “మేము రేపు రాము” అన్న తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టదు. బిహార్‌లో చాలామంది ఇంట్లో మాట్లాడేది భోజ్‌పురి, మగహి, మైథిలి. అక్కడ మనిషి తన ఒక్కడి గురించి చెప్పుకున్నా ‘హమ్’ అనే అంటాడు. హిందీ మాట్లాడినా అదే అలవాటు వస్తుంది. మీ కుర్రాడు ఆ ‘హమ్’ను తెలుగులోకి తెచ్చుకున్నాడు, అంతే. గుమస్తా “ఎంతమంది రారు?” అని అడిగితే పాపం వాడికి అర్థం కాదు. ముందు ‘నేను’ను గట్టిగా అలవాటు చేయండి. తర్వాత మేము, మనం. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఈ తేడా హిందీలో లేదు కాబట్టి దీనికి కొన్ని రోజులు పడుతుంది. “మనం ఊరికి పోతున్నం” అని గుమస్తాతో అంటే, ఆయన్ని కూడా రైలెక్కిస్తున్నట్టే!

ఇక ‘లేదు’, ‘కాదు’. “యే చావల్ నహీ హై” (ఇది బియ్యం కాదు) అన్నా, “చావల్ నహీ హై” (బియ్యం లేదు) అన్నా వాళ్ళకు ‘నహీ’ ఒక్కటే. మనకు రెండు. ‘కాదు’ అనేది ‘అవు’ ధాతువుకు వ్యతిరేకం, ‘లేదు’ అనేది ‘ఉండు’కు వ్యతిరేకం. “ఇది తవుడు” అన్నప్పుడు మన వాక్యంలో క్రియే ఉండదు. వాళ్ళ ‘హై’ లాంటిది కనబడదు. కాబట్టి కాదనాల్సిన చోట ఏం పెట్టాలో తోచక, ఎక్కువగా చెవినపడే ‘లేదు’ను పెట్టేస్తారు. అది విన్న గుమస్తా తవుడు అయిపోయిందనుకుంటాడు.

దీనికి బోర్డు అక్కర్లేదు. ఊక బస్తా మీద చెయ్యేసి “ఇది తవుడా?” అనండి. “కాదు, ఊక.” ఖాళీ బస్తా దులిపి “తవుడు ఉందా?” అనండి. “లేదు.” ప్రశ్నలో ‘ఉంది’ వినపడితే ‘లేదు’ అని వాళ్ళే పట్టుకుంటారు. “తిన్నవా?” అంటే “తినలేదు” అనేది వేరే దారి. దాన్ని ఇప్పుడే తెచ్చి కలపకండి.

‘నెల జీతం’ను ‘నేల జీతం’ అంటున్నారేమో కూడా గమనించండి. హిందీలో ఎ, ఏల తేడాతో మాట అర్థం మారదు. నెల–నేల, మెడ–మేడ జతలుగా పలికించండి. ధాన్యం మాటల దగ్గర మాత్రం మీకు శ్రమ తక్కువ. మన వడ్లు, బియ్యం, అన్నం లాగే ధాన్, చావల్, భాత్ వాళ్ళకూ ఉన్నాయి. చేనులో ఉంటే వరి, రాలితే వడ్లు అన్నది ఒక్కటే కొత్త.

ఈ పోలిక ఆలోచన కొత్తదేమీ కాదు. నేర్పే భాషను నేర్చుకునేవాళ్ళ భాషతో జాగ్రత్తగా పోల్చి పాఠాలు తయారు చేయాలని 1945లోనే అమెరికా భాషావేత్త చార్లెస్ ఫ్రీస్ అన్నారు. 1957లో మరో భాషావేత్త రాబర్ట్ లాడో దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. తప్పులన్నీ మాతృభాష వల్లే వస్తాయని కొందరు నమ్మారు కూడా. అది నిలవలేదు. మీ కుర్రాడు ఏదో ఒక రోజు “అన్నం తినిండు” అంటాడు చూడండి. చెప్పిండు, కొట్టిండు, వచ్చిండు విన్నవాడు వాటి వరసలోనే ‘తినిండు’ కట్టుకుంటాడు. మన చంటిపిల్లలు కూడా ఇలాంటివి కట్టుకుంటారు. దానికి భోజ్‌పురితో పని లేదు, అది తెలుగు లోపలి నుంచే పుట్టింది. నేర్చుకునేవాడు తన మనసులో నియమాలు అల్లుకుంటున్నాడనడానికి తప్పులే ఆనవాళ్ళని భాషావేత్త పిట్ కోర్డర్ 1967లో చెప్పింది ఇదే. అప్పుడు పోలిక పనికిరాదు. “తిన్నడు” అని మీరు తిరిగి పలికితే చాలు. కోప్పడవద్దు.

చివరి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను: ‘వచ్చిండు’ నేర్పండి. మిల్లులో, చాయ్ హోటల్లో, ఆటోలో వాళ్ళ చెవిన పడేది అదే. ‘వచ్చాడు’ అని నేర్పితే మీ దగ్గర నేర్చుకున్నది గేటు దాటాక వినపడదు. ‘వచ్చిండు’ తప్పు మాట కాదు. నల్లగొండలో తరతరాలుగా నడుస్తున్న రూపం, దానికి దాని వ్యాకరణం ఉంది. చదవడం మొదలుపెట్టిన రోజున, పేపర్లో ‘వచ్చాడు’ అని ఉంటుందని, రెండూ ఒకటేనని చెప్పండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. “రేపు నేను రాను”, “ఇది నాది కాదు”, “నాకు ఆకలైతుంది” లాంటి ఇరవై వాక్యాలు మీ ఇంట్లో ఎట్లా అంటారని ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ళు పలికింది పలికినట్టు తెలుగు లిపిలో రాసుకోండి. ఒకరి ఊరు మైథిలి మాట్లాడే దర్భంగా, ఇంకొకరిది మగహి మాట్లాడే గయ అయితే రెండు పేజీలూ ఒకేలా ఉండవు. ఆ పేజీలు నాకు పంపితే, వాటి పక్కన మన వాక్యాలు పెట్టి మళ్ళీ రాస్తాను.