రెప్పలు మూసుకుపోతుంటే బొటాక్స్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. ఏడాదిగా రెండు కళ్లూ వాటంతటవే గట్టిగా మూసుకుపోతున్నాయి. వెలుతురులోకి వస్తే మరీ ఎక్కువ. కళ్లు పొడిబారాయని చుక్కల మందు వాడాం, ఫలితం లేదు. ఇప్పుడు నరాల డాక్టరు బొటాక్స్ ఇంజెక్షన్ చేయించుకోమంటున్నారు. అది ముడతలు పోవడానికి చేయించుకునేది కదా? పైగా విషమని విన్నాం. చూపు పోతుందేమోనని అమ్మ భయపడుతోంది. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం చేయించుకోవాలా?

జవాబు: మీరు రాసిన లక్షణాలు బ్లెఫరోస్పాజం అనే సమస్యను సూచిస్తున్నాయి. కంటి చుట్టూ గుండ్రంగా ఉండే కండరం రెప్పల్ని మూస్తుంది. మెదడు నుంచి దానికి వేళాపాళా లేకుండా ఆదేశాలు అందుతుంటాయి. కన్ను బాగానే ఉంటుంది, రెప్పే తెరుచుకోదు. ఒకటి గమనించండి. కణత మీద వేలు ఆనించినా, పాట పాడుకున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా కాసేపు కళ్లు తెరుచుకుంటున్నాయా? చాలామందిలో ఇలా జరుగుతుంది. డాక్టరు ఎదుట కూర్చోగానే ఏమీ లేనట్టు ఉంటారు కూడా. దాంతో ఇంట్లోవాళ్లే ‘నటిస్తోంది’ అనుకున్న సందర్భాలున్నాయి. ఇంట్లో ఇబ్బంది పడుతున్నప్పుడు ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి చూపించండి. దానితో మాకు సగం పని తేలికవుతుంది.

ముడతల మందును కంటికి వాడుతున్నారని మీ అనుమానం. నిజానికి జరిగింది తలకిందులుగా. అలాన్ స్కాట్ అనే అమెరికా కంటి వైద్యుడు మెల్లకన్నును సరిచేయడానికి 1970లలో దీన్ని మనుషుల మీద మొదట వాడారు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది కూడా మెల్లకన్నుకు, మీ అమ్మగారిలాంటి రెప్పల బిగుతుకే. కనుబొమల మధ్య ముడతలకు అనుమతి 2002లో కానీ రాలేదు. పేరు మాత్రం ముడతలకే దక్కింది! మెడ ఒకవైపుకు మెలితిరిగిపోవడం, పక్షవాతం తర్వాత చెయ్యి బిగుసుకోవడం, నెలలో సగం రోజులు వేధించే మైగ్రేన్, చంకల్లో విపరీతమైన చెమట, మూత్రాశయం అదుపు తప్పడం వంటి వాటికీ దీన్ని వాడుతున్నాం.

విషమన్న మాట నిజమే, దాచాల్సిన పని లేదు. సరిగా నిల్వచేయని ఆహారంలో పెరిగే ఒక బ్యాక్టీరియా తయారుచేసే ఈ పదార్థం, మనకు తెలిసిన విషాలన్నింటిలోకీ అత్యంత తీవ్రమైనవాటిలో ఒకటి. అయితే మేం వాడేది శుద్ధి చేసిన, అతి స్వల్పమైన మోతాదు. అది పడిన చోట నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా అడ్డుపడుతుంది. ఆదేశం అందక కండరం సడలుతుంది. సుమారు 3 నెలల్లో నరం చివర మళ్లీ కోలుకుంటుంది, బిగుతూ తిరిగి వస్తుంది. అందుకే మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది. ఇది మందుకు అలవాటు పడటం కాదు. జబ్బు దీర్ఘకాలం ఉంటుంది, మందు ప్రభావం కొద్దికాలమే ఉంటుంది, అంతే. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు. తొందరపడి 3 నెలల లోపే మళ్లీ వేయించుకోవడం మాత్రం మంచిది కాదు. ఒంట్లో ప్రతిరక్షకాలు తయారై, మందు పనిచేయకుండా పోవచ్చు.

సన్నని సూదితో ఒక్కో కంటి చుట్టూ కొన్ని చోట్ల చుక్కంత మందు వేస్తారు. పై రెప్ప మధ్యభాగాన్ని వదిలేస్తారు, ఎందుకంటే రెప్పను ఎత్తే కండరం అక్కడ ఉంటుంది. కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఆ రోజు కళ్లు నలపకూడదు. ఫలితం మర్నాడే కనిపించదు. రెండు మూడు రోజులకు మొదలై, రెండో వారానికి పూర్తిగా తెలుస్తుంది. మొదటిసారి మోతాదు తక్కువగానే ఇస్తాం. ఫలితం అంతంతమాత్రంగా ఉంటే నిరాశపడవద్దు, తర్వాతిసారి సరిచేస్తారు.

ఇక చూపు సంగతి. మందు వేసేది రెప్పల కండరంలో, కనుగుడ్డులో కాదు. రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చర్మం కమిలిపోవడం కొందరిలో ఉంటాయి, కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. నేను ఎక్కువగా జాగ్రత్తపడేది కన్ను పొడిబారడం గురించి. రెప్ప పూర్తిగా మూసుకోకపోతే నల్లగుడ్డు మీది పొర ఎండి పుండు పడవచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. మింగడం, మాట్లాడటం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. ఇది అరుదు, కానీ కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు.

మయస్తీనియా గ్రేవిస్ అనే కండరాల జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నా ముందే చెప్పండి. ఇంకొకటి: ఈ మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వస్తుంది. ఒకదాని 10 యూనిట్లు మరొకదాని 10 యూనిట్లతో సమానం కావు. అందుకని ఏ కంపెనీది, ఎన్ని యూనిట్లు, ఎక్కడెక్కడ వేశారో రాయించుకుని ఆ కాగితం దాచండి. డాక్టరు మారితే అడిగే మొదటి ప్రశ్న అదే.