చమురు పని అయిపోతే మా అమ్మాయి గతేమిటి?

ప్రశ్న: మా అమ్మాయికి భూగర్భ శాస్త్రమన్నా రసాయన శాస్త్రమన్నా ప్రాణం. పెట్రోలియం ఇంజనీరింగే చదువుతానని పట్టుబట్టింది. విద్యుత్ వాహనాలు వచ్చేశాయి, ఇక చమురు పని అయిపోయినట్టేనని అందరూ అంటున్నారు. తనకు నలభై ఏళ్లు వచ్చేసరికి ఆ పరిశ్రమే లేకపోతే ఏం చేస్తుంది? పైగా ఆడపిల్ల, సముద్రం మధ్యలో చమురు తవ్వే రిగ్గు మీద పనంటే మాకు గుండె దడ. అందుకే సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే గ్రీన్ హైడ్రోజన్ మీద ప్రత్యేక కోర్సులో సీటు చూసి అడ్వాన్సు కట్టేశాం. రెండింటినీ పోల్చి, మేము చేసింది సరైనదో కాదో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. అయితే మీకు నిద్ర పట్టనివ్వనిది ఈ రెండు కోర్సుల తేడా కాదు. పదిహేడేళ్లప్పుడు తీసుకునే ఒక్క నిర్ణయం తప్పితే బిడ్డ బతుకంతా దారి తప్పుతుందేమోనన్న భయం. ఈ భయంతో నాకు వచ్చిన ఉత్తరాలకు లెక్క లేదు. ముడిచమురు ధరను బట్టి వాటిలో ప్రశ్న మారుతుంటుంది, భయం మాత్రం మారదు.

2014 మొదట్లో బ్యారెల్ ధర వంద డాలర్ల పైన ఉండేది. ఎలాగైనా పెట్రోలియంలో సీటు వచ్చే మార్గం చెప్పమని తల్లిదండ్రులు నా వెంటపడ్డారు. 2016 జనవరికి ధర ముప్పై డాలర్ల కిందికి పడిపోయింది. అప్పుడు మళ్లీ వాళ్లే వచ్చి, బ్రాంచి మార్చుకునే వీలుందా అని అడిగారు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో మే నెలలో సరుకు అందించే ముడిచమురు ఒప్పందాల ధర ఏకంగా సున్నా దాటి మైనస్ 37 డాలర్లకు దిగింది. నిల్వ చేసే చోటు లేక, సరుకు వదిలించుకోవడానికి అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చిన రోజు అది. ఆ వారంలోనే ఒక విద్యార్థి నాకు ఫోను చేశాడు. ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఆ మాటను వెనక్కి తీసుకుందట. అతను మాట్లాడుతున్నంతసేపూ వెనక నుంచి తండ్రి గొంతు వినిపిస్తూనే ఉంది: ‘నేను ముందే చెప్పాను.’ ఆ రోజు ఆ పిల్లవాడిని ఉద్యోగం పోయిన దుఃఖం కంటే ఆ మాటే ఎక్కువ కుంగదీసింది. రెండేళ్లు తిరక్కముందే, 2022లో, ధర మళ్లీ వంద దాటింది. ఈలోగా అతను సహజవాయువు వైపు మళ్లాడు. ఇప్పుడు ఒక ఎల్‌ఎన్‌జీ (ద్రవీకృత సహజవాయువు) టెర్మినల్‌లో పనిచేస్తున్నాడు. వాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, ఘనపరిమాణం దాదాపు ఆరువందలో వంతుకు తగ్గుతుంది. అలా ఓడలో వచ్చిన ద్రవాన్ని ఒడ్డుకు చేర్చే గొట్టాలను ముందు మెల్లగా చల్లబరచాలి, తొందరపడితే లోహం దెబ్బతింటుంది. మండు వేసవిలో ఆ గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుంటుంటే దాన్ని చూస్తూ నిలబడటం తనకు ఇప్పటికీ వింతగానే ఉంటుందని చెప్పాడు. కళాశాలలో అతను చదివింది బావుల తవ్వకం. ఈ పనిని ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాడు.

ఇక ‘చమురు పని అయిపోయింది’ అన్న మాట సంగతి. విద్యుత్ వాహనాలు వచ్చిన మాట నిజమే. 2024లో ప్రపంచంలో అమ్ముడైన ప్రతి అయిదు కొత్త కార్లలో ఒకటి విద్యుత్‌తో నడిచేదే. అయినా ప్రపంచం రోజుకు పది కోట్ల బ్యారెళ్లకు పైగా చమురు వాడుతూనే ఉంది. విమానాలు, ఓడలు, లారీలు, ప్లాస్టిక్కులు అన్నీ అందులో ఉన్నాయి. నత్రజని ఎరువులకైతే సహజవాయువే ప్రధాన ముడిసరుకు. గిరాకీ ఈ దశాబ్దం చివరికి శిఖరానికి చేరుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ కొన్నేళ్లు చెబుతూ వచ్చింది, కాదు ఇంకా పెరుగుతూనే ఉంటుందని చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ వాదించింది. పెద్ద పెద్ద సంస్థలకే కుదరని లెక్కను మీ పక్కింటివాళ్ల మాట మీద తేల్చేయకండి.

గిరాకీ పెరగకపోయినా పని ఉంటుంది. చమురు క్షేత్రమంటే ఒకసారి తవ్వి కుళాయి తిప్పుకునేది కాదు. తోడేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది, దిగుబడి ఏటా పడిపోతుంది. 2019 నుంచి చమురు, వాయువుల ఉత్పత్తి మీద పెట్టిన పెట్టుబడిలో దాదాపు 90 శాతం ఈ తరుగును పూడ్చడానికే సరిపోయిందని అదే అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో చెప్పింది. ఉన్నచోట ఉండటానికే ఇంత శ్రమ. ఆ శ్రమ చేసేవాళ్లు ఇంజనీర్లే.

ఇందులో ఇంకో ముడి ఉంది, దాని పేరు ఇంధన భద్రత. ఇరాన్, ఒమన్‌ల మధ్య ఉన్న హొర్ముజ్ జలసంధి అత్యంత ఇరుకైన చోట నలభై కిలోమీటర్ల లోపు వెడల్పే ఉంటుంది. మామూలు రోజుల్లో ప్రపంచం వాడే చమురులో సుమారు అయిదో వంతు ఆ దారినే వెళుతుంది, ఖతార్ నుంచి బయల్దేరే ఎల్‌ఎన్‌జీ ఓడలకూ అదే దారి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపినప్పుడు కొన్ని నెలల్లోనే ధర నాలుగింతలైంది. ఆ దెబ్బతోనే మరుసటి ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది, సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన చమురు నిల్వ ఉంచాలన్న నియమమూ వచ్చింది. 2021లో ఐరోపా సమాఖ్య దిగుమతి చేసుకున్న వాయువులో దాదాపు 45 శాతం రష్యాదే. ఉక్రెయిన్ యుద్ధంతో అది తగ్గిపోయేసరికి, అప్పటిదాకా ఒక్క ఎల్‌ఎన్‌జీ దిగుమతి టెర్మినల్ కూడా లేని జర్మనీ 2022 డిసెంబరులో విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర తేలియాడే టెర్మినల్‌ను ప్రారంభించింది. నెలల వ్యవధిలో ఆ పని పూర్తిచేయడానికి గొట్టాలు, కవాటాలు (వాల్వులు), శీతలీకరణ, రక్షణ వ్యవస్థలు తెలిసినవాళ్లు కావలసివచ్చింది. దేశాలు భయపడిన ప్రతిసారీ ఈ విద్యలు తెలిసినవాళ్ల కోసం వెతుక్కుంటాయి.

ఇప్పుడు గ్రీన్ హైడ్రోజన్ కోర్సు. నా అనుమానాలను దాచుకోను. ఆ సాంకేతికత మీద నాకు గౌరవం ఉంది, ఉక్కు, ఎరువుల తయారీలో దాని అవసరం చాలా ఉంది. నా బాధంతా దాని పేరుతో అమ్ముతున్న డిగ్రీల మీదే. ప్రపంచంలో ఏటా తయారయ్యే హైడ్రోజన్ పది కోట్ల టన్నులకు దగ్గరగా ఉంటుంది. అందులో దాదాపు అంతా సహజవాయువు నుంచీ బొగ్గు నుంచీ వచ్చేదే, కాలుష్యం తక్కువగా తయారయ్యేది ఒక్క శాతం దరిదాపుల్లోనే ఉంది. దాన్ని ఎక్కువగా వాడేది ఎవరు? చమురు శుద్ధి కర్మాగారాలు, ఎరువుల కర్మాగారాలు. అంటే ఏ పరిశ్రమ నుంచి మీ అమ్మాయిని తప్పించాలనుకున్నారో, హైడ్రోజన్‌కు నేటి ప్రధాన కొనుగోలుదారు ఆ పరిశ్రమే. ప్రకటించిన ప్రాజెక్టులు వందల్లో ఉన్నాయి, డబ్బు పెట్టాలని గట్టి నిర్ణయం జరిగినవి వాటిలో చాలా కొద్ది. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడంలోనే విద్యుత్తులో చెప్పుకోదగ్గ భాగం నష్టమవుతుంది. దాన్ని నిల్వ చేయడం, తరలించడం మరో పెద్ద సమస్య. ఈ చిక్కులు విడిపోవచ్చు, విడిపోవాలనే నా కోరిక కూడా. కానీ వాటిని విప్పేవాళ్లు కెమికల్, మెకానికల్, ఎలక్ట్రికల్, పదార్థ విజ్ఞానం లోతుగా చదివినవాళ్లు. నాలుగేళ్ల పాఠ్యప్రణాళికలో ఉష్ణగతిశాస్త్రానికి (థర్మోడైనమిక్స్) ఒక్క సెమిస్టర్ ఇచ్చి, మిగతాదంతా విధానాలు, నిర్వహణ, సదస్సులతో నింపిన కోర్సును నా కళ్లతో చూశాను. అది చదివినవాళ్లను కర్మాగారంలో ఎవరు తీసుకుంటారు?

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఇష్టం గురించి రెండు ముక్కలే ఉన్నాయి, మిగతాదంతా ఎక్కువగా మీ భయాలే. తను పట్టుబట్టినదాన్ని కాదని వేరే కోర్సుకు అడ్వాన్సు కట్టారు. ఇప్పుడు మీరు చేసింది సరైనదేనని నాతో అనిపించుకోవాలని రాశారు. నేను అనను. ఆ డబ్బు పోతుందని ఆ కోర్సులోనే కొనసాగించడం పెద్ద తప్పు. రిగ్గు గురించి కూడా మీ దడే రాశారు తప్ప తన మాట రాయలేదు. ఆ పని కష్టమైనదే, ప్రమాదం ఉన్నదే. అయితే పెట్రోలియం చదివిన వాళ్లందరూ రిగ్గు మీదే ఉండరు. భూమి లోపలి పొరల్ని కంప్యూటర్‌లో నమూనాగా కట్టి, ఏ బావి నుంచి ఎంత తోడాలో లెక్కగట్టే పని కార్యాలయాల్లోనే జరుగుతుంది. ఒకవేళ తనకు రిగ్గు పనే ఇష్టమైతే ఆడపిల్ల అన్న కారణంతో ఆపకండి.

మీరు అడిగిన పోలిక నిజానికి చిన్నదే. పెట్రోలియం ఇంజనీరింగ్ లోతైన చదువు, కానీ ఇరుకైనది. ధరతో పాటు ఉద్యోగాలూ లేచి పడుతుంటాయి. బయటికొచ్చే ఏడాది మంచిది కాకపోతే ఒకటి రెండేళ్లు కష్టపడాలి. ఆ విద్యకు వేరే దారులూ ఉన్నాయి. నార్వేలోని స్లైప్‌నర్ క్షేత్రంలో 1996 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రగర్భం కింది రాతిపొరల్లోకి పంపి నిల్వ చేస్తున్నారు. అది ఈ విద్యే. భూమి లోపలి వేడితో తీసే భూతాప విద్యుత్తుకు బావులు తవ్వేదీ ఈ విద్యతోనే. హైడ్రోజన్ ప్రత్యేక కోర్సు కూడా ఇరుకైనదే, ఇంకా లోతు కూడా రాలేదు. అందుకే డిగ్రీకి నా మొదటి ఓటు కెమికల్ ఇంజనీరింగ్. చమురు, వాయువు, ఎరువులు, హైడ్రోజన్, బ్యాటరీలు అన్నింటికీ అక్కడి నుంచి దారి ఉంది. రాళ్లూ పొరలే తన ప్రాణమైతే మాత్రం పెట్రోలియంకే వెళ్లనివ్వండి. అయితే భూగర్భ శాస్త్రం, ప్రవాహ శాస్త్రం (ఫ్లూయిడ్ మెకానిక్స్) గట్టిగా చెప్పే విభాగాన్నే ఎంచుకోమనండి.

నలభై ఏళ్లకు ఏమవుతుందన్న మీ భయానికి నా జవాబు ఇదే. 2020లో నాకు ఫోను చేసిన ఆ పిల్లవాడికి ముప్పై ఏళ్లయినా రాకముందే ఒక దారి మూసుకుపోయింది, మరో దారి తెరుచుకుంది. గట్టి పునాది ఉంది కాబట్టే మళ్లగలిగాడు. మీ అమ్మాయీ మళ్లగలదు, ధైర్యంగా ఉండండి. తర్వాతి ఉత్తరం మాత్రం తననే రాయమనండి. రెండు కోర్సుల పాఠ్యప్రణాళికలూ జతచేసి, వాటిలో ఏ పాఠాల కోసం పొద్దున్నే లేవాలనిపిస్తుందో గీత గీసి పంపమనండి.