షుగర్‌కి క్రోమియం, మెగ్నీషియం మాత్రలు వాడొచ్చా?

గాజువాకలో ఉన్న మీ నాన్నగారికి ఎవరో క్రోమియం, మెగ్నీషియం మాత్రలు వాడమన్నారనీ, అవి మొదలుపెట్టి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మానేయొచ్చా అనీ అడిగారు. డాక్టర్ చెప్పకుండా మెట్‌ఫార్మిన్ మాత్రం మానిపించకండి. మా అమ్మ షుగర్ సంగతి ఏళ్ళ తరబడి నేనే చూసుకుంటున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఖనిజాలకీ ఇన్సులిన్‌కీ సంబంధం ఉన్నమాట నిజమే. క్లోమంలో ఇన్సులిన్ నిల్వ ఉండేదే జింకును పట్టుకుని. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యాలంటే మెగ్నీషియం కావాలి. షుగర్ బాగా పెరిగితే ఆ మెగ్నీషియమే మూత్రంలో ఎక్కువగా పోతుంది. ఆ లోటున్నవాళ్ళకి దాన్ని పూడిస్తే మేలు జరగొచ్చు. క్రోమియం అలా కాదు. 1959లో ఎలకల మీద ప్రయోగాలతో పేరొచ్చింది గానీ, అది మనిషికి తప్పనిసరి అనడానికి ఆధారాలు చాలవని 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ తేల్చింది. నన్నడిగితే దానికి డబ్బు తగలెయ్యొద్దు.

మా ఇంట్లో గ్లూకోమీటర్ అంకె దిగింది కంచంలో తిండి మార్చాకే. బియ్యం పాలిష్ పడితే తవుడుతోపాటే మెగ్నీషియం పోతుంది. 100 గ్రాముల తెల్లబియ్యంలో ఉండేది దాదాపు 20 మిల్లీగ్రాములు, అదే మన చోళ్ళలో (రాగుల్లో) 140 దాకా ఉంటుంది. అలాగని మెత్తటి చోడిపిండి పల్చగా జావ కాచి గ్లాసులకి గ్లాసులు తాగిస్తే లాభం లేదు, అది కూడా పిండిపదార్థమే. అమ్మ జావ తాగిన రోజూ, అదే పిండితో రొట్టె కాల్చి తోటకూర పప్పుతో తిన్న రోజూ రెండు గంటల తర్వాత చూస్తే, రొట్టె తిన్న రోజే అంకె తక్కువ. మధ్యాహ్నం కూడా ముందు బీరకాయ కూరో, కవళ్ళ చేపల పులుసులో ముక్కలో తిని, అన్నం ఆఖర్న కొంచెమే పెట్టుకుంటుంది. చేప, పప్పు, పీచు ముందు పడితే అన్నం తాలూకు చక్కెర రక్తంలోకి నిదానంగా చేరుతుంది. అన్నం తగ్గించిన చోట గుప్పెడు ఉడకబెట్టిన పెసలో, వేరుశనగలో పెట్టండి, మెగ్నీషియం వాటిలోనే వస్తుంది.

మెగ్నీషియం మాత్రే వేయించాలనుకుంటే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీలు బలహీనంగా ఉంటే అది ఒంట్లో పేరుకుపోయి ప్రమాదం. నాన్నగారు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి, ఆ మందుతో అది తగ్గుతుంది. కాళ్ళు తిమ్మిర్లు ఉంటే అస్సలు ఆలస్యం చేయకండి.