ఫైబర్ వైరును ఎంతవరకు వంచొచ్చు?

ప్రశ్న: మాది తిరుపతి బైరాగిపట్టెడ. వీధిలోని స్తంభం నుంచి మిద్దె మీదికి, అక్కణ్నుంచి కిందింటికి ఫైబర్ వైరు లాగారు. గాలీవానా వస్తే చాలు, మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్రలైటు వెలిగి నెట్ పోతోంది. మోడెమ్ రెండుసార్లు మార్చారు. పిట్టగోడ అంచున వైరు మడతపడినట్టు ఉంది. అసలు ఎంతవరకు వంచొచ్చు?

జవాబు: ఎల్‌ఓఎస్ అంటే మోడెమ్‌కు వెలుగు సిగ్నల్ అందట్లేదని. మోడెమ్‌ను వదిలేసి మిద్దె ఎక్కండి. గాలికి ఊగేది వైరే కాబట్టి ముందు అనుమానించాల్సింది మీరు చెప్పిన ఆ అంచునే.

కరెంటు వైరును గోడ మూలకు ఆనించి మడిచినా కరెంటు పారుతుంది. చాలామంది చేతికి అదే అలవాటు. ఫైబర్‌లో పారేది వెలుగు. కేబుల్ ఎంత లావున్నా లోపల ఉండేది 125 మైక్రాన్ల గాజుపోగు, దాదాపు వెంట్రుకంత. మధ్య గాజుకూ దాని చుట్టూ ఉన్న గాజుకూ నడిమి సరిహద్దుకు వెలుగు ఏటవాలుగా తగిలి, లోపలికే తిరిగొస్తూ ముందుకు సాగుతుంది. బడిలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. వంపు బిగిసేకొద్దీ ఆ కోణం చెడి వెలుగు బయటికి కారిపోతుంది. ఈ నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు; 3 డెసిబెల్స్ పోయాయంటే సగం వెలుగు పోయినట్టే.

ఇక లెక్క. కేబుల్ తయారీదారు వేరే అంకె ఇవ్వకపోతే, లాగేటప్పుడు వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి 20 రెట్ల కంటే, బిగించాక 10 రెట్ల కంటే తగ్గకూడదు. 5 మిల్లీమీటర్ల గుండ్రటి కేబుల్ అనుకోండి. లాగేటప్పుడు వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, అంటే 20 సెంటీమీటర్ల వెడల్పున్న చుట్ట. బిగించాక 10 సెంటీమీటర్ల వెడల్పు చాలు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే: వ్యాసార్ధాన్ని చుట్ట వెడల్పు అనుకుని సగానికి చుట్టేస్తారు. మిగిలిన వైరును అన్నం కంచమంత చుట్టగా వదిలితే ఏ చింతా ఉండదు.

'మాది వంగే ఫైబర్ సార్' అని వైరు వేసేవాళ్లు అంటారు. అబద్ధం కాదు. జి.657.ఎ2 రకం పోగు 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా ఓర్చుకుంటుంది, పాత జి.652 రకానికి 30 కావాలి. కానీ ఆ అంకె లోపలి పోగుది. పై తొడుగు, బలానికి వేసిన తీగలు కలిసిన కేబుల్‌కు తయారీదారు చెప్పిన హద్దే లెక్క. స్తంభం నుంచి ఇంటికి లాగే కేబుల్‌ను డ్రాప్ కేబుల్ అంటారు; అది చదునుగా ఉండే రకమైతే పలచటి వైపుకే వంచాలి, అడ్డంగా మెలిపెట్టకూడదు.

పిట్టగోడ దగ్గర వంపు ఒక్కటే చూస్తే సరిపోదు. స్తంభం నుంచి వచ్చే బరువంతా కేబుల్‌తో కలిసి ఉండే స్టీలు తీగే మోయాలి. కొక్కెం దగ్గర ఆ తీగను విడదీసి క్లాంపుకు కట్టి, ఫైబర్ ఉన్న భాగాన్ని వదులుగా వదలాలి. బైండింగ్ వైరుతో బిగించి కట్టడం నాకు అస్సలు నచ్చని పని. గాలికి ఊగినప్పుడల్లా అది తొడుగును నొక్కుతుంది. అంచున సగానికి చీల్చిన పైపు ముక్క పెడితే మలుపు గుండ్రంగా వస్తుంది. గోడలోకి దూరే ముందు వైరును కాస్త కిందికి వేలాడేలా వదిలితే వాననీళ్లు అక్కడే రాలిపోతాయి.

మోడెమ్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ (అందే వెలుగు బలం) అనే అంకె చూపిస్తే, గాలి లేనప్పుడు, ఉన్నప్పుడు రాసుకోండి. ఇళ్లలో వాడే మామూలు జీపాన్ రకం ఫైబర్ మోడెమ్‌కు హద్దు దాదాపు మైనస్ 27 డీబీఎం (వెలుగు బలం కొలిచే ప్రమాణం). మైనస్ 20 మంచిదే, మైనస్ 28 అంటే పోయినట్టే. టెక్నీషియన్ ఓటీడీఆర్ (వైరులో వెలుగు ఎక్కడ పోతోందో చూపే పరికరం) తెస్తే 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు రెండింటిలోనూ చూడమనండి. 1550లోనే నష్టం బాగా ఎక్కువైతే అది వంపు వల్లే. రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే ఉంటే అతుకును అనుమానించాలి. పీకిన వైరు కొనలోకి మాత్రం కంటితో చూడొద్దు, ఆ వెలుగు కనిపించకపోయినా కంటికి హాని.

మడత గట్టిగా పడి ఉంటే సాపు చేయించి ఊరుకోకండి. గాజు మీద పడిన సన్నటి పగులు తడికి, ఒత్తిడికి నెలల తరబడి పెరిగి ఒకరోజు తెగుతుంది. స్తంభం నుంచి కొత్త డ్రాప్ కేబుల్ వేయమని పట్టుబట్టండి.